ఓడటం నేర్చుకున్న యంత్రాలు

చదరంగంలో మాగ్నస్ కార్ల్‌సన్ 2014 మే నెలలో 2882 రేటింగ్ అందుకున్నాడు. ఇప్పటిదాకా ఏ మనిషీ దాన్ని దాటలేదు. ఫోన్‌లోకి పైసా ఖర్చు లేకుండా దింపుకోగల స్టాక్‌ఫిష్ ఇంజిన్‌కు, కంప్యూటర్లు తమలో తాము ఆడుకునే పోటీల జాబితాల్లో 3600కు పైగా రేటింగ్ ఉంది. రెండు కొలబద్దలూ వేరు కాబట్టి ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి తేడా ఇంత అనడం సరికాదు గానీ, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడితే ఎవరు గెలుస్తారన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు. 1997 మే 11న గ్యారీ కాస్పరోవ్‌ను 3.5-2.5 తేడాతో ఓడించిన డీప్ బ్లూ సెకనుకు 20 కోట్ల స్థితులు లెక్కగట్టేది. అందుకోసం ఐబీఎం 480 ప్రత్యేక చిప్‌లు తయారుచేయించింది. పన్నెండేళ్లు తిరిగేసరికి, 2009లో, పాకెట్ ఫ్రిట్జ్ 4 అనే ప్రోగ్రామ్ ఒక మొబైల్ ఫోన్ మీద సెకనుకు 20 వేల స్థితులైనా చూడకుండానే బ్యూనస్ ఎయిర్స్ టోర్నమెంటులో 10 ఆటల్లో 9.5 పాయింట్లు కొట్టింది.

చదరంగంలో బలం అంత చౌకైపోయింది. ఇప్పుడు దొరకనిది సరైన జోడీ. నిన్న ఎత్తులు నేర్చుకున్న పిల్లకు రేపు ఎవరితో ఆడాలి, నెల తర్వాత ఎవరితో, ఆరు నెలల తర్వాత ఎవరితో? ఊళ్లో ఆడేవాళ్లు నలుగురుంటే అందులో ముగ్గురు మరీ గట్టివాళ్లో మరీ లేతవాళ్లో అయి ఉంటారు. ఉచిత చెస్ సాఫ్ట్‌వేర్లు ఈ ఖాళీని పూరిస్తామంటున్నాయి: ఒక్కో మెట్టుకు ఒక్కో ప్రత్యర్థి, మెట్టెక్కిన కొద్దీ గట్టివాడు. ఆలోచన బాగుంది. కానీ మెట్ల మీద రాసి ఉన్న అంకెలను యథాతథంగా నమ్మితే మొదటి మెట్టు దగ్గరే బోర్లా పడతాం.

స్టాక్‌ఫిష్ సంగతే చూడండి. దాని బలాన్ని తగ్గించడానికి రేటింగ్ అంకెతో పనిచేసే ఒక మీట ఉంది. ఇప్పటి వెర్షన్లలో ఆ మీట పైకి 3190 దాకా వెళ్తుంది, కిందికి 1320 దగ్గర ఆగిపోతుంది. ఎత్తులు తెలిసి, అప్పుడప్పుడూ రాణిని ఊరికే వదిలేసే పిల్లల స్థాయి 800 అనుకుందాం. ప్రపంచంలోకెల్లా పేరున్న ఉచిత ఇంజిన్‌ను అడుగుకు దించినా ఆ పిల్లకూ దానికీ మధ్య 520 పాయింట్ల ఎడం. అంటే ఎంత? దానికి లెక్క ఉంది.

ఎడం ఎంతో, గెలుపు అంత

ఆర్పద్ ఎలో హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్ర అధ్యాపకుడు. ఆయన పద్ధతిని అమెరికా చెస్ సమాఖ్య 1960లో, అంతర్జాతీయ సమాఖ్య ఫిడే 1970లో తీసుకున్నాయి. అందులో ఒక్క ఆటగాడి రేటింగ్‌కు విడిగా అర్థం లేదు. ఇద్దరి మధ్య ఎడానికే అర్థం. ఎడం సున్నా అయితే చెరి 50 శాతం పాయింట్లు. 100 అయితే పైవాడికి 64, కిందివాడికి 36. 200కు 76-24. 300కు 85-15. 400కు 91-9, అంటే కిందివాడికి 11 ఆటల్లో ఒక్క పాయింటు. ఇందాకటి 520 ఎడానికి లెక్క కడితే 5 శాతం కూడా రాదు: దాదాపు 21 ఆటలకు ఒక పాయింటు. ఇరవై ఆటలు వరసగా ఓడి ఇరవై ఒకటో ఆటకు కూర్చునే పదేళ్ల పిల్లలు ఎక్కడైనా ఉండవచ్చు. మా ఇంట్లోనూ చుట్టుపక్కల ఇళ్లలోనూ మాత్రం లేరు.

ఇదే లెక్కను మెట్ల వైపు నుంచి చూడాలి. 800 నుంచి గ్రాండ్‌మాస్టర్ దరిదాపుల్లోని 2500 దాకా 1700 పాయింట్ల ఎత్తు. దాన్ని 8 మెట్లుగా సమంగా కోస్తే మెట్టుకూ మెట్టుకూ మధ్య 243 పాయింట్లు. కింది మెట్టు మీద సరిసమానంగా, 50 శాతంతో ఆడుతున్నవాడు తొందరపడి పై మెట్టెక్కితే 20 శాతానికి పడిపోతాడు. కింది మెట్టు మీద 80 శాతం తెచ్చుకునేదాకా ఆగినవాడికి పైన 50 శాతం వస్తుంది. ఇది సుఖంగా ఉంటుంది, కానీ అప్పటికే చాలా ఆటలు ఊరికే గెలిచి విసుగెత్తి ఉంటాడు. 70 శాతం దగ్గర మారితే పైన 36 శాతంతో మొదలవుతుంది. మూడింట ఒకటి దక్కుతుంది, మూడింట రెండు పోతాయి. నేర్చుకునేవాడికి నేను సలహా ఇవ్వగలిగిన చోటు అదే. పట్టుదల ఎక్కువున్న పిల్లలైతే 24 శాతం దాకా, అంటే నాలుగింట ఒకటి దాకా తట్టుకుంటారు. ఫిడే లెక్క కూడా అక్కడ నష్టపోనివ్వదు. ఒక్కో ఆటకు రేటింగ్ ఎంత కదలాలో చెప్పే గుణకం 20 ఉన్న 1500 ఆటగాడు 1700 వాడితో నాలుగు ఆటలాడి ఒకటి గెలిచి మూడు ఓడితే, గెలుపుకు 15.2 వస్తుంది, ఓటములకు 14.4 పోతుంది.

అదే 1700 పాయింట్లను వందేసి చొప్పున కోస్తే 18 మంది ప్రత్యర్థులు కావాలి. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్‌కైనా పై మెట్టు ఎంత ఎత్తున ఉందన్నది రెండో ప్రశ్న. మెట్లు ఎన్ని, కింది మెట్టు ఎంత కింద ఉందన్నది మొదటిది.

పాచికలు వేసే ఇంజిన్

1977లో అమెరికాలో ఫిడెలిటీ సంస్థ అమ్మిన చెస్ చాలెంజర్ అనే పెట్టెకు ఒకటే స్థాయి ఉండేది. తర్వాతి నమూనాలకు 3, ఆపై 10 వచ్చాయి. ఆ కాలపు యంత్రాల్లో స్థాయి అంటే ప్రధానంగా ఆలోచించే సమయం. ఎక్కువసేపు ఆలోచిస్తే ఎక్కువ లోతు చూస్తుంది, బాగా ఆడుతుంది. ఇప్పుడు ఆ ఒక్క మీట చాలదు. ఇవాళ్టి ఇంజిన్‌కు సెకనులో పదో వంతు ఇచ్చినా మామూలు క్లబ్ ఆటగాడిని చిత్తు చేస్తుంది. అందుకే దాన్ని తప్పులు చేయమని ప్రత్యేకంగా అడగాలి.

లీచెస్ అనే ఉచిత వేదికలో కంప్యూటర్‌తో ఆడుకోవడానికి 8 స్థాయులున్నాయి. ఫ్రాన్స్‌కు చెందిన తిబో డుప్లెసీ 2010లో మొదలుపెట్టిన ఈ వేదికకు ప్రకటనలు లేవు, చందాలు లేవు. విరాళాల మీద నడుస్తుంది. దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది కాబట్టి ఆ 8 స్థాయుల వెనక ఏముందో చూడవచ్చు. ఒక్కో స్థాయికి మూడు మీటలు: ఆలోచించే సమయం, చూసే లోతు, నైపుణ్యం అంకె. సమయం మొదటి స్థాయికి సెకనులో 20వ వంతు, అంటే 50 మిల్లీసెకన్లు. ఎనిమిదో స్థాయికి 1 సెకను. లోతు విషయం ఇంకా ఆసక్తికరం. మొదటి అయిదు స్థాయులకూ లోతు ఒకటే: 5. ఆరో స్థాయికి 8, ఏడో దానికి 13, ఎనిమిదో దానికి 22.

ఒక్కో పక్షం వేసే ఎత్తును ఒకటిగా లెక్కిస్తే, ఆట మొదట్లో తెల్లపావులకు 20 ఎత్తులున్నాయి. నల్లపావులు జవాబిచ్చేసరికి 400 దారులు. మూడో ఎత్తుకు 8,902. నాలుగుకు 1,97,281. అయిదుకు 48,65,609. ఎనిమిదికి దాదాపు 8,500 కోట్లు. ఇంజిన్ ఇవన్నీ నడవదు. పనికిరాని కొమ్మలను మొదట్లోనే నరికేస్తుంది. అయినా 5 లోతు అంటే, మన ఎత్తూ దాని ఎత్తూ కలిపి అయిదింటిలో తేలిపోయే చిన్న ఉచ్చులు చాలామటుకు దాని కన్ను దాటవు. ఈ లోతు పరిమితి మొదటి స్థాయి యంత్రానికీ అదే. అంటే లీచెస్‌లో ఒకటో స్థాయికీ అయిదో స్థాయికీ మధ్య లోతు పరిమితిలో తేడా లేదు. చూసినదాన్ని కావాలని ఎంతగా పాడుచేసుకుంటుందన్న దాంట్లోనే ప్రధానమైన తేడా.

ఆ పాడుచేసే పని నైపుణ్యం అంకెది. అసలు స్టాక్‌ఫిష్‌లో అది 0 నుంచి 20 దాకా ఉంటుంది. 20 అంటే పూర్తి బలం. దాన్ని తగ్గించగానే ఇంజిన్ ఒకే మంచి ఎత్తు కోసం వెతకడం మానేసి కనీసం నాలుగు ఎత్తులను వరసగా పేర్చుకుంటుంది. వాటిలోంచి ఒకదాన్ని యాదృచ్ఛిక సంఖ్య సాయంతో ఎంచుకుంటుంది. నైపుణ్యం అంకె తగ్గేకొద్దీ కింది వరసలోని ఎత్తుకు అవకాశం పెరుగుతుంది. ఆ ఎంపిక ఎంత లోతులో జరగాలన్నదీ అంకె మీదే ఆధారపడి ఉంటుంది: అంకె 5 అయితే 6 లోతులో, 0 అయితే 1 లోతులో. లీచెస్ వాడే రకంలో అంకె సున్నా కంటే కిందికీ దిగుతుంది. ఒకటో స్థాయికి మైనస్ 9, రెండుకు మైనస్ 5, మూడుకు మైనస్ 1, ఆపైన 3, 7, 11, 16, చివరికి 20. కొత్తవాళ్ల కోసం ఎవరో కూర్చుని సున్నా కింద మరో మూడు మెట్లు తవ్వారన్నమాట. చెస్ సాఫ్ట్‌వేర్‌లో నాకు నచ్చిన పని ఏదని అడిగితే 3600 రేటింగ్ కంటే ముందు ఈ మైనస్ 9నే చెబుతాను.

అయితే దీన్ని కొన్నాళ్లు ఆడినవాళ్లందరూ ఒకే ఫిర్యాదు చేస్తారు. పదిహేను ఎత్తులు ప్రొఫెసర్‌లా ఆడుతుంది, పదహారో ఎత్తుకు గుర్రాన్ని ఊరికే ఇచ్చేస్తుంది, మళ్లీ ప్రొఫెసర్ అయిపోతుంది. కారణం పైన చెప్పిందే. దాని తప్పు పాచికల్లోంచి పుట్టింది. మనిషి తప్పుకు ఏదో ఒక కారణం ఉంటుంది: దూరం నుంచి ఐమూలగా వచ్చే శకటును చూడకపోవడం, వెనక్కి దూకే గుర్రాన్ని మరచిపోవడం, తన దాడి మత్తులో ఎదుటివాడి బెదిరింపు పట్టించుకోకపోవడం. అలాంటి తప్పులను పసిగట్టి శిక్షించడమే మనం అవతలి మనిషి మీద గెలిచే విద్య. పాచికల ఇంజిన్‌తో వంద ఆటలాడినా ఆ విద్య సగమే వస్తుంది. వచ్చేది ఇంకోటి ఉంది: ఓపిక. ఎప్పుడో ఒకప్పుడు అదే ఇస్తుందని కాచుకుని కూర్చోవడం. ఇది నిజమైన బోర్డు మీద చెడ్డ అలవాటు.

1320 అనే అంకెకు సంబంధించిన మెలిక కూడా ఇక్కడే చెప్పాలి. స్టాక్‌ఫిష్ ఆ మీటను సరిచూసింది కంప్యూటర్ల జాబితాకు ముడిపెట్టి, ఆటకు 120 సెకన్లు, ఎత్తుకు 1 సెకను చొప్పున కలిపే గడియారంతో. మన జిల్లా టోర్నమెంటులో గంటన్నర గడియారంతో ఆడే 1320 మనిషికీ దానికీ పేరు ఒకటే, అంతే.

కోటీ ఇరవై లక్షల ఆటలు చూసిన మైయా

పాచికలు తీసేసి మనుషుల తప్పులనే నేర్పిస్తే? టొరంటో, కార్నెల్ విశ్వవిద్యాలయాల వాళ్లూ మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్లూ కలిసి 2020లో బయటపెట్టిన మైయా ఆ ప్రయత్నమే. లీచెస్‌లో మనుషులు ఆడిన ఆటలను రేటింగ్ వారీగా వేరుచేశారు. 1100 దగ్గర మొదలుపెట్టి వందేసి చొప్పున 1900 దాకా 9 నమూనాలు. ఒక్కోదానికి 1 కోటీ 20 లక్షల ఆటలు చూపించారు. వాటికి అప్పగించిన పని గెలవడం కాదు. ఈ స్థితిలో ఈ స్థాయి మనిషి ఏ ఎత్తు వేస్తాడో చెప్పడం, అంతే. ముందుకు చూసే వెతుకులాట ఏదీ లేదు. బోర్డు చూడగానే జవాబు. ఆ జవాబు సగానికి పైగా సందర్భాల్లో మనిషి వేసిన ఎత్తుతో సరిపోయింది. బలం తగ్గించిన స్టాక్‌ఫిష్ అదే పరీక్షలో సగం దాకా రాలేకపోయింది.

సగం అంటే తక్కువలా వినిపిస్తుంది. మధ్య ఆటలో ఒక్కో స్థితికి 30, 40 ఎత్తులు సాధ్యమవుతాయి, పైగా ఒకే మనిషి ఒకే స్థితిలో ఇవాళ ఒకటి, రేపు ఒకటి వేస్తాడు. వాటిలోంచి సగం సార్లు సరిగ్గా పట్టుకోవడం చిన్న విషయం కాదు.

వందేసి పాయింట్ల ఎడంతో 9 మెట్లు. కాగితం మీద ఇంతకంటే మంచి నిచ్చెన ఉండదు. మెట్టుకు 64-36. ఈ తొమ్మిదింట్లో మూడు, 1100, 1500, 1900 రకాలు, లీచెస్‌లోనే ఖాతాలు తెరుచుకుని మనుషులతో ఆడుతున్నాయి. కానీ 1100 మైయాతో ఆడబోయిన 1100 మనిషి ఎక్కువగా ఓడిపోతాడు. అది తన పేరులోని అంకె కంటే బాగా పైస్థాయిలో ఆడుతుంది.

ఎందుకో ఒక ఊహాలెక్కతో చెప్పవచ్చు. ఒక స్థితిలో 1100 స్థాయి వాళ్లు వంద మంది ఉన్నారనుకోండి. 40 మంది సరైన ఎత్తు వేస్తారు. మిగతా 60 మంది తప్పు చేస్తారు, కానీ ఒక్కొక్కరిదీ ఒక్కో తప్పు: 15 మంది ఒకటి, 12 మంది ఇంకొకటి, 9 మంది మరొకటి. అందరికంటే ఎక్కువ మంది వేసేదేదని అడిగితే జవాబు ఆ సరైన ఎత్తే. మైయా దాన్నే వేస్తుంది. వంద మందిలో 60 మంది తప్పు చేసినా వాళ్ల ఉమ్మడి జవాబులో తప్పు లేదు. తప్పు చేయడంలో ఎవరి దారి వారిదే కాబట్టి కమిటీ ఎప్పుడూ సభ్యుల కంటే తెలివైనదవుతుంది. (చదరంగం కమిటీల గురించే ఈ మాట.) ఇంకో కారణం గడియారం. మెరుపువేగంతో ఆడే బుల్లెట్ ఆటలనూ, అర నిమిషం కంటే తక్కువ మిగిలినప్పుడు వేసిన ఎత్తులనూ శిక్షణ లెక్కలోంచి తీసేశారు. కాబట్టి మైయాకు కంగారంటే తెలియదు. 1100 మనిషికి తెలిసిందే అది.

అందరూ కలిసి చేసే తప్పును మాత్రం మైయా తప్పకుండా చేస్తుంది, అదీ మనిషి చేసే చోటే. నేర్చుకునేవాడికి కావలసింది అదే. అయితే 1100 కంటే కింద ఉన్నవాళ్లకు ఇక్కడా చోటు లేదు.

కోతి, గాడిద, ఎద్దు, తోడేలు, సింహం

వాళ్లకు చోటిచ్చింది లూకాస్ చెస్. స్పెయిన్‌కు చెందిన లూకాస్ మోంగే తయారుచేసి ఉచితంగా పంచుతున్న ఈ ప్రోగ్రామ్ విండోస్, లైనక్స్ కంప్యూటర్ల కోసం. ఫోన్‌లోనే అన్నీ చేసే మన పిల్లలకు ఇదొక అడ్డంకే. తెర చూస్తే ఇరవై ఏళ్ల నాటి ప్రభుత్వ కార్యాలయం కంప్యూటర్ గుర్తొస్తుంది: మెనూలో మెనూ, దాంట్లో మరో మెనూ. ఆ మొరటుతనం దాటితే లోపల 60కి పైగా ఇంజిన్లు కాచుకుని ఉన్నాయి, 0 నుంచి 3000 రేటింగ్ దాకా. ఒకే ఇంజిన్‌ను బలహీనపరచి ఎనిమిది చేయడం వేరు, పుట్టుకతోనే బలహీనమైన అరవై ఇంజిన్లను సేకరించడం వేరు. ఎప్పుడో ఎవరో సరదాకు రాసి వదిలేసిన చిన్న ప్రోగ్రామ్‌కు దాని సొంత అజ్ఞానం ఉంటుంది. ఒకదానికి బంట్ల నిర్మాణం తెలియదు, ఇంకొకదానికి ఆట చివర్లో రాజును నడిపించడం రాదు. ఆ అజ్ఞానం ఆటంతా నిలకడగా ఉంటుంది. మనం దాన్ని కనిపెట్టి వాడుకోవచ్చు.

చిన్నపిల్లల కోసం ప్రత్యర్థులకు జంతువుల పేర్లు పెట్టారు: కోతి, గాడిద, ఎద్దు, తోడేలు, సింహం. పంచతంత్రం విన్న పిల్లలకు ఈ వరస ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. 1320ని ఓడించానని అమ్మమ్మకు చెబితే ఆవిడకేం అర్థమవుతుంది? గాడిద అయిపోయింది, ఎద్దుతో ఆడుతున్నానంటే వెంటనే అర్థమవుతుంది.

లూకాస్ చెస్‌లో అసలు విలువైనది ట్యూటర్. మనం ఎత్తు వేయగానే వెనక నుంచి ఒక బలమైన ఇంజిన్ దాన్ని తూకం వేస్తుంది. అంతకంటే మంచిది ఉంటే ఆపి చూపిస్తుంది, కావాలంటే మార్చుకోనిస్తుంది. అయితే ఆ సాయం లెక్కగట్టి ఉంటుంది. పోటీ పద్ధతిలో ఆడినప్పుడు ఆటకు ఇన్ని సార్లే అన్న పరిమితి ఉంటుంది. కాబట్టి కష్టం రెండు వైపుల నుంచి పెంచవచ్చు: ప్రత్యర్థిని బలపరచడం ఒకటి, సాయాన్ని తగ్గించడం ఒకటి. మెట్టు మారినప్పుడల్లా 20 శాతానికి పడిపోయి ఏడ్చే పిల్లకు ఈ రెండో మీట బాగా పనికొస్తుంది. కొత్త ప్రత్యర్థితో ఉన్న సాయమంతా తీసుకుని మొదలుపెట్టి, గెలుపు కుదురుకున్న కొద్దీ ఒక్కో సాయం వదులుకుంటూ రావచ్చు. ఒక పెద్ద మెట్టు అలా నాలుగు చిన్న మెట్లవుతుంది.

పది ఆటల తీర్పు

మెట్టు మారే ముందు ఎన్ని ఆటలు చూడాలి? పది ఆటలాడి ఏడు గెలిచాం, ఇక పైకి అనుకుంటాం. నిజంగా సరిసమానమైన ఇద్దరు పది ఆటలాడితే, డ్రాలు లేవనుకుంటే, ఫలితం కేవలం అదృష్టం వల్లనే 50 శాతానికి అటూ ఇటూ 16 శాతం ఊగడం మామూలు. 20 సార్లలో 19 సార్లు పట్టుబడేంత వెడల్పు కావాలంటే అది 18 నుంచి 82 శాతం దాకా సాగుతుంది. రేటింగ్ భాషలో అటు 260, ఇటు 260. అంటే మెట్టు ఎత్తే 243 అయినప్పుడు పది ఆటల ఫలితం మన మెట్టేదో కూడా చెప్పలేదు. 100 ఆటలాడితే ఆ వెడల్పు 40 నుంచి 60 శాతానికి, అంటే 70 పాయింట్లకు తగ్గుతుంది. కానీ వంద ఆటలు ఒకే యంత్రంతో ఎవరు ఆడతారు? నా ఉద్దేశంలో 20 ఆటలు చాలు, ఒక షరతు మీద: గెలిచిన ఆటల్లో ఎన్నింటిలో యంత్రమే రాణినో ఏనుగునో ఉచితంగా సమర్పించుకుందో చూసి, వాటిని లెక్కలోంచి తీసేయాలి. పాచికల ఇంజిన్ మీద 14 గెలిచి అందులో 6 దానం అయితే, మెట్టు మారే సమయం ఇంకా రాలేదు.

పజిల్స్‌లో ఈ బెడద తక్కువ. లీచెస్‌లో 40 లక్షలకు పైగా పజిల్స్ ఉన్నాయి, అన్నీ మనుషులు ఆడిన నిజమైన ఆటల్లోంచి తీసినవే. ప్రతి పజిల్‌కూ ఆటగాడికి ఉన్నట్టే రేటింగ్ ఉంటుంది. మీరు దాన్ని పరిష్కరిస్తే అది ఓడినట్టు, మీరు తడబడితే అది గెలిచినట్టు. కష్టాన్ని మార్చుకునే చోట సులువు అన్నది ఎంచుకుంటే మీ రేటింగ్ కంటే 300 తక్కువవి వస్తాయి, మరీ సులువు అంటే 600 తక్కువవి. ఎలో సూత్రంలో 300 ఎడానికి 85 శాతం విజయం. 2019లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చిన ఒక పరిశోధన, కొన్ని రకాల అభ్యాసానికి 85 శాతం సరైన జవాబులొచ్చే కష్టస్థాయే అన్నిటికంటే వేగంగా నేర్పుతుందని గణితంగా చూపించింది. అది రెండు రకాల వస్తువులను వేరుచేసే పనుల గురించి, చదరంగం గురించి కాదు. దాన్ని పట్టుకుని ఇదే సూత్రమని బోర్డు కట్టడం తప్పు. కానీ పిల్లలకు రోజూ పెట్టే పజిల్స్‌కు సులువు మీట దగ్గర మొదలుపెట్టమని చెప్పడానికి అదీ ఒక కారణం. మనలో చాలామంది పౌరుషానికి పోయి ఎక్కువ కష్టమైనవి పెట్టుకుంటాం, సగం తప్పి, తప్పిన వాటిని ఎందుకు తప్పామో చూడకుండా తర్వాతిదానికి పోతాం.

రేటింగ్ అంకెల గురించి ఇంకొక్క మాట. లీచెస్‌లో కొత్త ఖాతా తెరవగానే 1500 ఇస్తారు. గ్లికో-2 అనే పద్ధతి మొదటి ఆటల్లో దాన్ని వేగంగా కిందికో మీదికో లాగుతుంది. ఫిడేలో అతి తక్కువ రేటింగ్ 2024 మార్చి 1 నుంచి 1400. అంతకుముందు 1000 ఉండేది. ఆ రోజున 2000 కంటే తక్కువున్న అందరికీ 2000కు ఎంత తక్కువో అందులో 40 శాతం కలిపారు. ఫిబ్రవరి 29న 1500గా నిద్రపోయినవాడు తెల్లారి 1700గా లేచాడు, ఒక్క ఎత్తు వేయకుండా. అంకె మనది కాదు, జాబితాది. ఒక సాఫ్ట్‌వేర్‌లో 1600 మెట్టు దాటాం కాబట్టి టోర్నమెంటులో 1600 వాళ్లను ఓడిస్తామనుకునే తల్లిదండ్రులకు ఇది ముందే చెప్పడం మంచిది.

ఇంజిన్‌కు దూరంగా

మరి ఇవేవీ ముట్టకుండా పైకొచ్చినవాళ్లు లేరా? ఉన్నారు, ఆ ఉదాహరణ చిన్నదీ కాదు. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ 2024 డిసెంబరులో సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను 7.5-6.5తో ఓడించి 18 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. రేటింగ్ 2500 దాటేదాకా అతణ్ని కోచ్ విష్ణు ప్రసన్న ఇంజిన్లకు దూరంగా ఉంచాడు.

అయితే గుకేశ్‌కు దూరంగా ఉంచింది జవాబులు చెప్పే ఇంజిన్‌ను. తాను ఆలోచించాల్సిన చోట యంత్రం ముందే జవాబు చూపిస్తే ఆలోచన మొద్దుబారుతుందన్నది ఆ కోచ్ నమ్మకం. ఎదురుగా కూర్చుని ఆడే ఇంజిన్ విషయం వేరు. అది ఎత్తు వేస్తుంది, నోరు విప్పదు. ఉచిత సాఫ్ట్‌వేర్లన్నింటిలో ఈ రెండు పాత్రలూ ఒకే తెర మీద ఉండటమే ఇబ్బంది. ఆట ఓడగానే పక్కనే విశ్లేషణ బటన్ ఉంటుంది. నొక్కగానే ఎక్కడ తప్పామో ఎర్రగా చూపిస్తుంది, సరైన ఎత్తు పచ్చగా. అరనిమిషంలో పని అయిపోతుంది, నేర్చుకున్నామన్న తృప్తి కూడా వస్తుంది. మా వీధి పిల్లలకు నేను పెట్టే ఒకే నిబంధన: ఓడిన ఆటలో తప్పు ఎక్కడో ముందు కాగితం మీద రాయి, తర్వాత బటన్ నొక్కు. రాసిందీ యంత్రం చెప్పిందీ చాలాసార్లు కలవవు. పిల్లలు తాము ఓడిన చోటు పావు పోయిన చోటే అనుకుంటారు, యంత్రం దానికి ఆరేడు ఎత్తుల ముందే వేలు పెడుతుంది.

ఎవరికి ఏది అంటే, ఎత్తులు మాత్రమే తెలిసినవాళ్లకు లూకాస్ చెస్‌లోని జంతువులు. కంప్యూటర్ లేకపోతే ఫోన్‌లో లీచెస్ ఒకటి, రెండు స్థాయులు. ఆ రెండూ దాటి పావులు ఊరికే పోగొట్టుకోవడం తగ్గినవాళ్లు మైయా 1100 దగ్గరికి వెళ్లవచ్చు, మొదట్లో ఎక్కువ ఓడతామని తెలిసి. 1500, 1900 మైయాల మధ్య 400 పాయింట్ల ఎడం ఉంది. ఆ మధ్యలో లీచెస్ అయిదు, ఆరు స్థాయులతోనో లూకాస్ చెస్‌లోని చిన్న ఇంజిన్లతోనో పూడ్చుకోవాలి.

1900 మైయాను కూడా నిలకడగా గెలుస్తున్నవాళ్లకు ఈ నిచ్చెన దాదాపు అక్కడితో అయిపోతుంది. ఆపైన స్టాక్‌ఫిష్ మీట 3190 దాకా అంకెలు చూపిస్తూనే ఉంటుంది గానీ, అవన్నీ పాచికలు తక్కువ వేసే ప్రొఫెసర్లే. 2000 మనిషిలా ఆలోచించి, 2000 మనిషిలా అలిసిపోయి, నాలుగో గంటలో తప్పు చేసే ప్రత్యర్థి కావాలంటే వారాంతపు టోర్నమెంటుకు ఎంట్రీ ఫీజు కట్టాల్సిందే.